రివర్స్ గేరు పటేల్

మొన్న పెళ్లి పత్రిక ఇవ్వడానికి మోస్రా వైపు వెళ్తుంటే, రోడ్డు పక్కన రెండు కరెంటు స్తంభాల మధ్య కట్టిన ఫ్లెక్సీలో మా పటేల్ నవ్వుతూ కనిపించాడు. కింద ‘శ్రద్ధాంజలి’ అని రాసి ఉంది. స్కూటర్ ఆపాను. మనిషి పోయాడన్న సంగతి తలకెక్కేలోపే ఇంకో సంగతి కంటపడింది. ఆయన కుడి భుజం మీద ఎవరిదో చెయ్యి ఉంది. మనిషిని కత్తిరించేశారు, చెయ్యి మాత్రం మిగిలిపోయింది. మణికట్టుకు తోలు బెల్టు వాచీ, ఆ బెల్టు చివర చీలిపోయి ఉంది. నా చేతికున్న వాచీ చూసుకున్నాను. అదే వాచీ. అది నా చెయ్యే.

ఎదురుగా ఉన్న టీ హోటల్‌లో అడిగితే నిద్రలోనే పోయాడని చెప్పారు. “పటేల్ మీకు ఏమైతడు సారు?” అని హోటలాయన అడిగాడు. నిజం చెప్పాలంటే నేను ఆయనకు డ్యాన్సు పార్ట్‌నర్‌ని. చేతిలో చేయి వేసి, భుజం మీద చేయి వేసి, ఒక చలికాలమంతా నిజామాబాద్‌లో ఒక టైర్ల షాపు మీది అంతస్తులో గుండ్రంగా తిరిగాం. పోయిన మనిషి గురించి ఆయన సొంతూరి రోడ్డు మీద అలాంటి మాట చెప్పలేక, “దోస్తు” అన్నాను. హోటలాయన టీ డబ్బులు తీసుకోలేదు.

ఆ డ్యాన్సు క్లాసుకు నన్ను ఈడ్చుకెళ్లింది మా ఆవిడ. నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాను. కూర్చుని కూర్చుని పొట్ట పెరుగుతోందని, ఇద్దరం కలిసి ఏదైనా చేద్దామని ఆమె పట్టు. ‘కపుల్ డ్యాన్స్, కొత్తవాళ్లకు’ అన్న బోర్డు చూసి ఇద్దరి పేర్లూ ఇచ్చేసింది. మొదటి రోజే నేను ఆమె కాలి బొటనవేలు తొక్కాను. గోరు నల్లబడింది. “ఇది తగ్గినంక వస్త, నువ్వు మాత్రం మానొద్దు” అంది. ఆ గోరు ఊడి, కొత్తది మొలిచి, దానికి రంగు కూడా వేసుకుంది కానీ ఆమె లెక్కలో అది ఇప్పటికీ తగ్గలేదు.

అలా నేను జత లేకుండా గోడకు ఆనుకుని నిలబడ్డ రోజున పటేల్ వచ్చాడు. అరవై దాటిన మనిషి, తెల్ల ధోవతి, తెల్ల అంగీ, భుజాన తువ్వాల. చెప్పులు కింద మెట్ల దగ్గరే విడిచి, గుమ్మంలో వంగి నేలకు చెయ్యి తాకించి కళ్లకద్దుకుని లోపలికి వచ్చాడు. క్లాసు చెప్పే అమ్మాయి పుణెలో నేర్చుకుని వచ్చింది, మా అందరికీ ఆమె ‘మేడం’. పటేల్ మాత్రం ‘బిడ్డా’ అనేవాడు. అడుగు చూపించడానికి ఆ అమ్మాయి చెయ్యి చాపగానే ఆయన రెండు చేతులూ వీపు వెనక్కి దాచుకున్నాడు.

“తప్పు బిడ్డా. నోటితోని సెప్పు, నేను సూస్త. పట్టుడు మాత్రం వద్దు.”

“అంకుల్, ఇది కపుల్ డ్యాన్స్. పట్టుకోకుంటే ఎట్ల వస్తది?”

ఆయన హాలంతా చూశాడు. అక్కడున్న ఆడవాళ్లందరికీ భర్తలున్నారు. చివరికి ఆయన చూపు గోడ దగ్గర నా మీద ఆగింది. సంతలో ఎడ్లను చూసే వాళ్లు ఎట్లా చూస్తారో అట్లా పై నుంచి కిందికి చూశాడు. “సారుకు ఎవలన్న ఉన్నరా?” అన్నాడు. ప్రస్తుతానికి ఎవరూ లేరని మేడం చెప్పింది.

మా ఇద్దరిలో ఆడ అడుగులు ఎవరు వేయాలన్నది తేలడానికి ఎక్కువసేపు పట్టలేదు. “మీరు సదువుకున్నోళ్లు సారూ, ఏదన్న నేర్సుకుంటరు. నాకు మొగ అడుగులే కావాలె, జర అర్జంటున్నది” అన్నాడు. అర్జంటు ఏమిటో అప్పుడు చెప్పలేదు. నాకైతే ఏ అర్జంటూ లేదు కాబట్టి మీసాలున్న నేను ఆడమనిషినయ్యాను. ఈ రోజుకీ నాకు ఆ వాల్ట్జ్ డ్యాన్సులో ఆడ అడుగులే వచ్చు. వెనక్కి తప్ప ముందుకు వేయలేను.

డ్యాన్స్ అన్న మాట ఆయన నోట వినలేదు. ఆయన దృష్టిలో అది ‘పని’. “పని షురూ చేద్దామా సారూ” అనేవాడు. నా వీపు మీద చెయ్యి వేసే ముందు ప్రతిసారీ “పెట్టాల్నా?” అని అడిగేవాడు. నేను ‘పెట్టండి’ అంటేనే పెట్టేవాడు. అదీ తువ్వాల నా భుజం మీద పరిచి, దాని మీద పెట్టేవాడు, నా చొక్కా నలగకుండా. పాట అయిపోయాక చెయ్యి తీసి, “తక్లీఫ్ ఇచ్చిన” అని దండం పెట్టేవాడు. మా ఇంట్లో ఇన్నేళ్లలో నాకు అంత మర్యాద జరగలేదు.

ఇంకో సంగతి ఏమిటంటే, ఒక మనిషికి అంత దగ్గరగా నిలబడి మాట్లాడకుండా ఉండటం ఆయన దృష్టిలో పొగరు. అందుకని పాట మొదలవగానే యోగక్షేమాలు మొదలయ్యేవి. మా నాయన ఆరోగ్యం, మా తమ్ముడి ఉద్యోగం, నా బీపీ, ఈ ఏడు పసుపు ధర, యూరియా దొరకని సంగతి. మేడం అటువైపు నుంచి “అంకుల్, లెక్క పెట్టుకోండి, వన్ టూ త్రీ” అని అరిస్తే, “పెడ్తున్న బిడ్డా, సారు వాళ్ల నాయనకు కంట్ల పొర వచ్చిందట, గది అడుగుతున్న” అనేవాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆయన నన్ను నడిపించే తీరు ఒక్కటీ ఒక ఎత్తు. ఈ డ్యాన్సులో మగవాడు తన చేతులతో, భుజాలతో ఆడమనిషికి ఎటు వెళ్లాలో చెప్పాలి. ఎటు పోవాలంటే అటు మెల్లగా తిప్పాలి. పటేల్ నన్ను కుడివైపు తోసేవాడు, నేను కుడికి వెళ్లేవాణ్ని, అప్పుడు ఆయన ఎడమకు వెళ్లి నన్ను ఆశ్చర్యంగా చూసేవాడు. నా వీపు ఆ హాల్లో గుద్దుకోని గోడ లేదు. ఒకసారి స్పీకరుకు గుద్దుకున్నాను, పాట ఆగిపోయింది.

“అంకుల్, మీరు ఎటు పోవాలనుకుంటున్నరో అటే తిప్పండి” అంది మేడం.

“గదే కద బిడ్డా చేస్తున్న. ఎడమ దిక్కు పోవాలంటె కుడి దిక్కు తిప్పాలె.”

“అట్ల ఎందుకు తిప్పాలె?”

ఆయన జాలిగా చూశాడు. “ట్రాలీ ఎన్కకు నూకాలంటె గట్లనే తిప్పాలె.”

అప్పుడు అర్థమైంది. నలభై ఏళ్లు చెరుకు నరికి, ట్రాక్టరు ట్రాలీలో నింపి, ఫ్యాక్టరీ దాకా తీసుకెళ్లి, అక్కడ చెరుకు తూచే కాంటా దగ్గర ట్రాలీని వెనక్కి పెట్టిన మనిషి. ఫ్యాక్టరీ మూతబడి, ఆ చెరుకు బండ్ల లైన్లు పోయి చాలా కాలమైంది, ఆయన వరికి మారి కూడా ఏళ్లయింది. చేతులు మాత్రం మారలేదు. ట్రాక్టరును వెనక్కి నడిపేటప్పుడు ట్రాలీ ఎడమకు పోవాలంటే స్టీరింగు కుడికి తిప్పాలి. ఆయన ఎదుట వెనక్కి అడుగులు వేస్తూ పోయే నేను ఆయనకు చెరుకు ట్రాలీ. వెనక గోడ ఎంత దూరముందో చూడటానికి నా భుజం మీదుగా మెడ సాచి, “రానీ, రానీ, రానీ” అని గొణిగేవాడు. ఎవరు రావాలో నాకు తెలిసేది కాదు.

ఆయన్ను మార్చడం మేడం వల్ల కాలేదు. “చేతులకు తెల్సిన ముచ్చట, తలకాయ చెప్తె ఇంటయా బిడ్డా” అని తేల్చేశాడు. దాంతో నేనే మారాను. ఆయన కుడికి తోస్తే నేను ఎడమకు, ఎడమకు తోస్తే కుడికి. తల తిరిగిపోయేది కానీ పని నడిచింది. ఒక రోజు గోడకు, కుర్చీకి, తోటి జంటలకు తగలకుండా హాలు ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లి ఆగాం. అందరూ చప్పట్లు కొట్టారు. మేడం ఫోన్‌తో ఫోటో తీసి గ్రూపులో పెట్టింది. ఫ్లెక్సీలో ఉన్న ఫోటో అదే. నవ్వుతున్న ఫోటో ఆయనకు ఇంకోటి లేదని తర్వాత తెలిసింది. మిగిలినవన్నీ ఆధార్ కార్డులు, పాసుబుక్కుల కోసం దిగినవేనట.

ఆ రోజు సంతోషం పట్టలేక కింద టీ తాగించాడు. రెండు గుటకలు తాగి, టైర్ల కుప్ప వైపు చూస్తూ అడిగాడు. “సారూ, కుర్సీ కింద తలకాయ పెట్టిన మనిషిని ఎన్నడన్న సూసిన్రా?”

లేదన్నాను.

“సూడుండ్రి. నేనే.” గ్లాసు కింద పెట్టాడు. “మా పెద్ద బామ్మర్ది కొడుకు లగ్గం. బోధన్‌ల ఫంక్షన్ హాలు. ముందు దినం సంగీతో ఏందో పెట్టిన్రు. మైకు పట్టుకున్న పోరి, పెద్దోళ్లందరు జంటలు జంటలుగ స్టేజి మీదికి రావాలె అన్నది. నేను ఇననట్టు కూసున్న. గంతల మా ఇంటామె లేసింది సారూ. ఇన్నేండ్లల నలుగుర్ల నా పక్కపొంటి నిలబడ్డ మనిషి గాదు. గసొంటిది లేసి, నా ముంగటికి వచ్చి, సెయ్యి సాపింది.”

“మరి?”

“నేను సెప్పులు దేవులాడిన.”

“చెప్పులు వెతికారా?”

“కుర్సీ కింద. సెప్పులు కాళ్లకే ఉన్నయి. అయినా వంగి దేవులాడిన. పాట ఒడిసేదాంక తలకాయ బయటికి తియ్యలే.”

నాకు నవ్వొచ్చింది. ఆయన ముఖం చూసి మింగేశాను. బారాత్‌లో డప్పు మోగితే ముందు ఎగిరేది ఈయనే అని క్లాసులో ఒకాయన చెప్పాడు. ఆ మాటే అడిగాను.

“ఎగుర్త సారూ. బారాత్‌ల ఎగుర్త, బోనాలకు ఎగుర్త, పండు ముసలోళ్లు పోతె పాడె ముంగట సుత ఎగిరిన. గని పెండ్లాం సెయ్యి నలుగుర్ల ఎట్ల పట్టుకుంటరో నాకు ఎవలు నేర్పలే. తిరిగొచ్చేటప్పుడు కార్ల ఆమె డ్రైవర్‌తోని అన్నది, ‘బాబూ, ఆయన్ను అద్దం ఎయ్యుమను, సలిగాలి వస్తున్నది’ అని. పక్కకే ఉన్న నేను. గప్పటి సంది నాతోని సీదా మాట లేదు. కోపమనుకుంటున్నరా? కోపమైతె తిడుతది. తిట్టుడు సుత లేదు.”

చిన్న బామ్మర్ది కూతురి పెళ్లి మాఘంలో ఉందని చెప్పాడు. అందులోనూ సంగీత్ ఉందట. అదీ అర్జంటు. “ఇద్దర్ల ఎవలో ఒకలం ముందుగాల పోతం సారూ. పోయేనాటికి గా సెయ్యి గట్లనే గాలిల ఉంటె ఎట్ల?” అన్నాడు. ఇంకో టీ చెప్పాను.

తర్వాతి ఆదివారం నన్ను భోజనానికి పిలిచాడు. “ఇన్ని దినాలు మీ మీద చేతులేసి తిప్పిన, ఒక్కపూట బువ్వ పెట్టకపోతె పాపం తగుల్తది” అన్నాడు. పోక తప్పలేదు. గేటు దగ్గరే నన్ను ఆపి, చెవిలో ఒక ముక్క ఊదాడు. నిజామాబాద్‌కు మోకాళ్ల వైద్యం కోసం వెళ్తున్నానని ఇంట్లో చెప్పుకున్నాడట. కాబట్టి నేను మోకాళ్ల డాక్టర్ని. కాదనే వ్యవధి కూడా ఇవ్వకుండా “డాక్టర్ సారు వచ్చిండు” అని లోపలికి కేకేశాడు.

పటేల్ భార్య నీళ్ల చెంబుతో వచ్చింది. పలచటి మనిషి, నుదుట పెద్ద బొట్టు, కళ్లలో కొంటెతనం. మామూలు రోజుల్లో ఆవిడ ఆయనకు చెప్పాల్సినవి గోడకు చెప్పేదట. “గోడా, బువ్వ అయింది. గోడా, కరెంటోడు వచ్చిండు.” ఆయన కూడా అదే గోడకు జవాబు చెప్పేవాడు. ఆ పూట గోడకు సెలవిచ్చి నన్ను పెట్టుకున్నారు. ఆయనకూ ఆవిడకూ మధ్యలో పీట వేసి కూర్చోబెట్టారు.

“డాక్టర్ సారూ, పప్పు ఇంకింత ఎయ్యాల్నా అడుగుండ్రి.”

“పప్పు వేయాలా పటేల్?”

“సాలని సెప్పుండ్రి.”

“చాలంటున్నారమ్మా.”

“పచ్చిపులుసుల ఉప్పు ఎక్కువైందా అడుగుండ్రి.”

“మంచిగనే ఉన్నదని సెప్పుండ్రి. సేతి వంటకు వంక లేదని సెప్పుండ్రి.”

చెప్పాను. ఆవిడ ముఖం తిప్పుకుంది. నవ్విందో లేదో నాకు కనబడలేదు. ఆయన మాత్రం తినడం ఆపి, మెడ సాచి, నా భుజం మీదుగా చూశాడు.

చేయి కడుక్కునేసరికి వాకిట్లో జనం చేరారు. మోకాళ్ల డాక్టర్ వచ్చాడని ఊళ్లో తెలిసిపోయింది. ఒక ముసలమ్మ అరుగు మీద కాలు చాపి కూర్చుంది. నేను ఆమె మోకాలిని మర్యాదగా దూరం నుంచి చూసి, “రోజూ నడవాలి అవ్వా” అన్నాను. “నడిస్తెనే నొస్తుంది కొడుకా” అంది. “అయితే కూర్చోవాలి” అన్నాను. వెనక నుంచి పటేల్ “పెద్ద డాక్టరు, సూది మందు ఇయ్యడు” అని అందరికీ సర్ది చెప్పాడు. పటేల్ భార్య గుమ్మంలో నిలబడి నన్ను చూస్తున్న చూపులో నాకు డాక్టరు మీద ఉండాల్సిన నమ్మకం కనబడలేదు.

కనబడకపోవడానికి కారణం ఉంది. భర్త మధ్యాహ్నం పూట స్నానం చేసి, నల్లటి బూట్లు వేసుకుని, తువ్వాలకు అత్తరు రాసుకుని టౌనుకు పోతున్నాడు. మోకాళ్లు బాగు చేయించుకుని వచ్చే మనిషి అలిసిపోయి రావాలి, ఈయన ఈల వేసుకుంటూ వస్తున్నాడు. ఊళ్లో ఆడవాళ్లు ఊరుకుంటారా? టౌన్లో ఎవరినో చూసుకున్నాడని చెవులు కొరుక్కున్నారు. అన్నింటికంటే గట్టిగా కొరికింది పటేల్ సొంత చెల్లెలు. పుల్ల వేసి ఊరుకోకుండా, వదినను వెంటబెట్టుకుని అన్న వెనకాలే ఆటో ఎక్కింది.

మేం పనిలో ఉన్నాం. పటేల్ వీపు గుమ్మం వైపు, నా ముఖం గుమ్మం వైపు. మెట్లెక్కి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లను ముందు చూసింది నేనే. పటేల్ భార్యను గుర్తుపట్టి నా కాళ్లు ఆగిపోయాయి. ఆయనకు తెలియదు కదా, నన్ను తోస్తూనే ఉన్నాడు. “రానీ సారూ, ఏమైంది, జాగ ఉన్నది, రానీ” అంటున్నాడు. చెల్లెలు ఇటు చూడలేదు. సీదా పోయి బాత్రూం తలుపు తీసింది, కర్టెన్ ఎత్తింది, స్పీకరు వెనక వంగి చూసింది. ఎక్కడా ఎవరూ దొరకలేదు.

ఆవిడ మాత్రం నా ఎదుటికి వచ్చి నిలబడింది. పటేల్ చెయ్యి నా వీపు మీద, నా చెయ్యి ఆయన భుజం మీద.

“డాక్టర్ సారూ,” అంది నెమ్మదిగా, “ఇదేం ఇలాజు?”

మేడం పాట ఆపింది. జంటలన్నీ ఎక్కడివక్కడ ఆగి మమ్మల్ని చూస్తున్నాయి.

“ఆమె యాడున్నది సారూ?” అంది ఆవిడ.

“ఎవరమ్మా?”

“గదే. ఈయన ఎవలికోసం వస్తుండో ఆమె.”

నేను పటేల్ వైపు చూశాను. “ఎవరికోసం వస్తున్నారని అడుగుతోంది.”

ఆయన తల దించుకుని నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు. వదిలేస్తే పడిపోతాననుకున్నాడేమో. “ఆమె కోసమే వస్తున్న అని సెప్పుండ్రి.”

“మీ కోసమేనట.”

“నాకోసమైతె మిమ్ములనెందుకు పట్టుకున్నడట?”

“నన్నెందుకు పట్టుకున్నారని అడుగుతోంది పటేల్.”

“నేర్సుకుంటానికి. పరాయి ఆడామెను పట్టుకోను గద. అందుకే సారును పట్టుకున్న అని సెప్పుండ్రి. గా దినం బోధన్‌ల ఆమె సెయ్యి సాపితె నేను పట్టలే. ఎట్ల పట్టాల్నో ఎర్కలేకుండె. తప్పయిందని సెప్పుండ్రి.”

మూడడుగుల దూరంలో నిలబడ్డ మనిషికి ఆ మాటలన్నీ వినబడ్డాయి. అయినా వాటిని మళ్లీ మోయడం నా పని. “తప్పయిందంటున్నాడమ్మా” అన్నాను.

“ఎవలి తప్పట?”

“ఎవరి తప్పు పటేల్?”

“నాదే.”

“ఆయనదేనట.”

చెల్లెలు బాత్రూం గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. పటేల్ నన్ను వదిలి, అప్పటిదాకా నా చేతిలో ఉన్న చేతిని ధోవతికి తుడుచుకుని ఆవిడ ముందు చాపాడు. హాల్లో అందరూ చూస్తుండగా చాపాడు. ఆవిడ ఆ చెయ్యి వైపు చూసింది. మేడం ఏదో అనబోతే నేను చెయ్యెత్తి ఆపాను.

“పోయి సెయ్యి కడుక్కో,” అంది ఆవిడ. “నిండ సెమట.”

ఆయన అలవాటుగా నా వైపు తిరిగాడు, నేను చెప్తానని. నేను ఏమీ చెప్పలేదు. అప్పుడు గానీ ఆయనకు తట్టలేదు. “కడుక్కస్త” అన్నాడు ఆవిడతో. బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. లోపల నల్లా చాలాసేపు పారింది. బయటికి వచ్చినప్పుడు చేతులే కాదు, ముఖం, తల అన్నీ తడిసి ఉన్నాయి. ఆవిడ తన కొంగుతో ఆయన చెవి పక్కన కారుతున్న నీళ్లు తుడిచి, “పదుండ్రి, ఆటో ఆగున్నది” అని మెట్లు దిగింది. ఆయన వెనకాలే పరుగెత్తాడు. చెల్లెలు మాత్రం కాసేపు కుర్చీలో కూర్చుని, నీళ్లు తాగి, ఇందులో ఆడవాళ్లకు ఫీజు ఎంత అని మేడంను అడిగి వెళ్లింది.

ఆ తర్వాత కూడా ఆయన క్లాసుకు వచ్చాడు. మాఘం దగ్గర పడుతోంది. ఆవిడను తీసుకురమ్మని మేడం చెప్తే, “ఆమె రాదు. ఆడనే సూద్దామన్నది” అన్నాడు. ఆవిడతో ఎట్లా వేయాలో, ఎటు తిప్పాలో నా మీదే సాధన చేశాడు. ‘ఆమె సారుసొంటిది గాదు, తోసిన దిక్కే పోతది’ అని భయపడేవాడు. నాకూ భయమే. ఆ మనిషి ఆవిడను స్టేజి మీద నుంచి కిందికి తోసేస్తాడని నాకు గట్టి నమ్మకం.

సంగీత్‌కు నన్ను, మా ఆవిడను పిలిచారు. ఫంక్షన్ హాల్లో నన్ను అందరికీ మోకాళ్ల డాక్టర్‌గానే పరిచయం చేశారు. మా ఆవిడ నా ముఖం చూస్తూ కూర్చుంది. సాయంత్రం మైకు అమ్మాయి పెద్దవాళ్ల జంటలు రావాలని పిలిచింది. పటేల్ లేచాడు. కుర్చీల మధ్య నుంచి నడిచి, ఆడవాళ్లు కూర్చున్న వైపు పోయి, బంధుబలగమంతా చూస్తుండగా తన భార్య ముందు చెయ్యి చాపాడు. ఎవరో ఈల వేశారు. ఆవిడ ఒళ్లో ఉన్న మనవరాలిని పక్కామెకు ఇచ్చి, కొంగు సర్దుకుని, ఆ చెయ్యి పట్టుకుని లేచింది.

స్టేజి ఎక్కారు. పాట మొదలైంది. పటేల్, మేడం నేర్పినట్టే ఒక చెయ్యి ఆవిడ వీపు మీద పెట్టాడు, ఇంకో చేత్తో ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. నేను కుర్చీ అంచుకు వచ్చాను. మొదటి అడుగు పడాల్సిన చోట పడలేదు. రెండోది పడలేదు. మనిషి ఆవిడ ముఖం చూస్తూ నిలబడ్డాడు. అన్నీ మరిచిపోయాడు. ఆవిడ కూడా కదల్లేదు. పక్కన మిగిలిన జంటలు ఊగుతున్నాయి, తిరుగుతున్నాయి, ఒకరినొకరు తొక్కుకుంటున్నాయి. వీళ్లిద్దరు మాత్రం గుంజపాతినట్టు మధ్యలో నిలబడి ఉన్నారు. పాట సరిగ్గా వినబడటం లేదేమోనని డీజే కుర్రాడు ఆపి మళ్లీ మొదటి నుంచి వేశాడు. అయినా నిలబడే ఉన్నారు. రెండోసారి కూడా పాట సగమైంది.

కింద నుంచి ఒక మేనల్లుడు ఆగలేక అరిచాడు. “మామా, జర జరుగు.”

పటేల్ అటు తిరగలేదు. “యాడికి జరగాలెరా,” అన్నాడు ఆవిడనే చూస్తూ, “ఈడ మంచిగనే ఉన్నది.”